దానయ్య కూతురి వంతు

రావులమిట్ట పాలెం చర్చిలో బైబిలు చదివే వంతు వీరమ్మకు వచ్చిందంటే పడుచుపిల్లలు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకునేవాళ్ళు. కీర్తన చదవమని పాస్టరు గారు చెప్పినా, సువార్త చదవమని చెప్పినా, సందు దొరికితే చాలు ఆవిడ యెహోషువ దేశాన్ని పంచిపెట్టిన అధ్యాయాల్లోకి దిగిపోయేది. ఫలానా గోత్రానికి ఫలానా వాగు మొదలుకొని ఫలానా కొండ దాకా, అక్కణ్ణించి ఉప్పు సముద్రం కొస దాకా, ఊళ్ళు ఇన్ని, వాటి పల్లెలు ఇన్ని అంటూ నోరు తిరగని పేర్లు పేజీలకు పేజీలు. మామూలుగా ఎవరైనా ఆ పేజీలు దాటేసి పోతారు. పాస్టరు గారు కూడా పదకొండేళ్ళ సేవలో వాటి మీద ఒక్క ప్రసంగం చెప్పలేదు. వీరమ్మ మాత్రం ఒక్కో పేరు దగ్గరా ఆగి, కళ్ళజోడు సర్దుకుని, పొలం దస్తావేజు చదివినట్టు చదివేది. తూర్పు హద్దు, పడమటి హద్దు, దక్షిణపు హద్దు.

"ఆ ఊళ్ళ పేర్లలో నీకేం రుచి తగిలిందే అక్కా? వినేవాళ్ళకు నిద్రొస్తంది" అని చెల్లెలు లిడియా వినుకొండ నుంచి వచ్చినప్పుడల్లా ఎగతాళి చేసేది.

"ఎవరికెంత వచ్చిందో రాసిపెట్టారే. ఒక్క ఇంటిని కూడా మర్చిపోలా. అంతకంటే ఏం రుచి కావాలి?" అనేది వీరమ్మ.

ఆ రుచి ఆమెకు తండ్రి దగ్గర నుంచి వచ్చింది.

తండ్రి పేరు దానయ్య. ఊళ్ళో రైతుల దగ్గర పాలేరుగా బతికినవాడు. వీరమ్మకు పదిహేనేళ్ళప్పుడు, డెబ్భై తొమ్మిదిలో, తాలూకా కచేరీ వాళ్ళు జీపులో వచ్చి పాలెంలో సెంటు భూమి కూడా లేని నలభై కుటుంబాలకు గొల్లతిప్ప కింద బంజరులో తలా ఎకరం ఇస్తున్నామని చెప్పారు. చర్చి అరుగు మీద బల్ల వేసి, ఇత్తడి చెంబులో చీట్లు పోసి, ఇంటికొకరి చేత తీయించారు. దానయ్యకు పదిహేడో నంబరు వచ్చింది. పట్టా కాగితం చేతిలో పెట్టి, నెలలోపు సర్వేయరు వచ్చి ఎవరి ముక్క వాళ్ళకు చూపిస్తాడని చెప్పి జీపెక్కారు. ఆ నెల మళ్ళీ రాలేదు. సర్వేయరు బదిలీ అయ్యాడన్నారు. నక్షా కనపడటం లేదన్నారు. తాలూకాలు పోయి మండలాలు వచ్చాక, పాత కాగితాలు కొత్త ఆఫీసుకు చేరలేదన్నారు. దానయ్య చెప్పులరిగేలా తిరిగాడు. పట్టా ఉంది, పొలం లేదు.

అయినా ఆదివారం ఆరాధన అయ్యాక కూతుళ్ళిద్దర్నీ వెంటబెట్టుకుని గొల్లతిప్ప దాకా నడిచేవాడు. అక్కడ నిలబడి చిల్లచెట్ల వైపు చెయ్యి చాపేవాడు.

"అదిగో, ఆ తంగేడు పొదలకు అవతలన్నా అయ్యుండాలి, ఆ తెల్లరాళ్ళకు ఇవతలన్నా అయ్యుండాలి. ఆ మధ్యలో ఏదో ఒకటి మనదే."

ఒక్కో వారం ఆ చెయ్యి ఒక్కో దిక్కుకు తిరిగేది. చిన్నపిల్ల లిడియా పకపకా నవ్వేది. వీరమ్మకు నవ్వొచ్చేది కాదు. తండ్రి చూపించిన ప్రతిచోటూ ఆమె కళ్ళతో దున్నేసేది.

పెళ్ళయి దర్శి దగ్గరి పల్లెకు వెళ్ళింది గానీ, పిల్లలు కలగకముందే భర్త పాము కరిచి పోయాడు. ఇరవై ఆరేళ్ళకు మళ్ళీ పాలెం చేరింది. పొద్దున లేస్తే పత్తి తీతకో మిరప కోతకో పోవడం, వచ్చి తండ్రికి వండిపెట్టడం. అప్పటి పాస్టరమ్మ పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పుతుంటే వీరమ్మ కూడా పలక పట్టుకుంది. ఏడాది తిరిగేసరికి కూడబలుక్కుంటూ బైబిలు చదవడం వచ్చింది. మొదటి నుంచి మొదలుపెట్టి, వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం దాటుకుంటూ పోతుంటే, రెండేళ్ళకు కాబోలు ఆ అధ్యాయాలు ఎదురొచ్చాయి. పుస్తకం చేతిలో పట్టుకునే వాకిట్లోకి పరిగెత్తింది. దానయ్య పలుపు పేనుతున్నాడు.

"నాన్నా, వీళ్ళకీ చీట్లే వేశారు!"

"ఎవరికే?"

"ఇశ్రాయేలీయులకు. గోత్రానికో చీటీ."

దానయ్య చేతిలో పలుపు ఆగింది. "హద్దులు చూపించారా వాళ్ళకి?" అని అడిగాడు.

"చూపించార్నాన్నా. మనుషుల్ని పంపితే దేశమంతా తిరిగి, ఏ ఊరు ఎక్కడుందో పుస్తకంలో రాసుకొచ్చార్ట. అప్పుడే వేశారు చీట్లు."

"ముందు కొలిచి, తర్వాత వేశారన్నమాట" అన్నాడు దానయ్య. పలుపు పక్కన పెట్టాడు. తర్వాత "చదువు" అన్నాడు. వీరమ్మ చదివింది. అయిపోయాక "మళ్ళీ చదువు" అన్నాడు. అప్పట్నుంచి పొద్దువాలాక వాకిట్లో కూర్చుని అవే అధ్యాయాలు చదివించుకునేవాడు. ఎనభై అయిదేళ్ళ కాలేబు, నా ఒంట్లో సత్తువ ఇంకా తగ్గలేదు, ఆ కొండసీమ నాకిమ్మని అడిగిన చోట మాత్రం ప్రతిసారీ ఆపించేవాడు. "ఎనభై అయిదా?" అనేవాడు తెలిసి తెలిసీ. "ఎనభై అయిదే నాన్నా" అనేది కూతురు. దానయ్య వేళ్ళు ముడుచుకుంటూ తన వయసు లెక్కవేసుకునేవాడు.

అరవై ఎనిమిదో ఏట పోయాడు. సమాధి దగ్గర అప్పటి పాస్టరు గారు, మన దానయ్య మోషే లాంటివాడు, కొండ మీద నుంచి దేశాన్ని చూశాడు గానీ అడుగు పెట్టలేకపోయాడు అన్నారు. మంచి మాటే. జనం కళ్ళు తుడుచుకున్నారు. వీరమ్మకు మాత్రం ఆ పోలిక మింగుడుపడలేదు. ఇంటికొచ్చాక లిడియాతో అంది: "మోషేకి దేవుడే దగ్గరుండి అటు అంతా, ఇటు అంతా అని చూపించాడు. మన నాన్నకు సర్వేయరు కూడా చూపించలా."

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు గడిచాయి. వీరమ్మ సండేస్కూలు టీచరమ్మ అయింది. ఏటా వేసవి సెలవుల్లో చర్చి వెనక ఖాళీస్థలం ఊడ్చి, ముగ్గుపిండితో నేల మీద దేశం గీసేది. నీలిమందు కలిపిన పిండితో యొర్దాను నది, ఎర్రమట్టితో కొండలు. పిల్లల్ని గోత్రాలుగా విడదీసి, చీట్లు తీయించి, ఎవరి భాగంలో వాళ్ళను నిలబెట్టేది. యూదా వాళ్ళకు పెద్ద ముక్క వచ్చిందని బెన్యామీను వాళ్ళు గొడవ చేసేవాళ్ళు. ఒక ఏడాది తేజశ్రీ అనే ఆరేళ్ళ పిల్లకు లేవి చీటీ వచ్చింది. లేవీయులకు పొలం లేదమ్మా, దేవుడే వాళ్ళ స్వాస్థ్యం, అంటే వాళ్ళ వాటా అని వీరమ్మ చెప్పబోయింది.

"నాకు దేవుడొద్దు, పొలం కావాలి" అని ఆ పిల్ల కాళ్ళు నేలకేసి కొట్టి ఏడ్చింది.

పిల్లలంతా గొల్లుమన్నారు. వీరమ్మ కూడా నవ్వి, పిల్లను ఎత్తుకుని తీసుకెళ్ళి ఆషేరు వాళ్ళ ముక్కలో నిలబెట్టింది. ఇంటికి వెళ్ళే దారిలో ఎందుకో కళ్ళు నిండిపోయాయి. తను అరవైకి దగ్గరపడుతూ పైకి అనలేని మాటను ఆ ఆరేళ్ళది అనేసింది.

ఇలా ఉండగా, మొన్నమొన్ననే, ఊరి భూములన్నీ మళ్ళీ కొలుస్తున్నారని దండోరా వేయించారు. గ్రామ సచివాలయానికి శ్రీదివ్య అనే పాతికేళ్ళ పిల్ల సర్వేయరుగా వచ్చింది. గొలుసులు లేవు, తాళ్ళు లేవు. పొడుగాటి కర్ర మీద తెల్లటి గిన్నె లాంటిది బిగించి, చేలో నిలబెడితే చాలు, ఆకాశంలో ఉన్న ఉపగ్రహాలు హద్దు చెప్పేస్తాయిట. పాలెం వాళ్ళు పట్టా కాగితాలు పట్టుకుని వెళ్ళారు. వీరమ్మ కాగితం మడతల దగ్గర చిరిగిపోయి నాలుగు ముక్కలైంది. ప్లాస్టిక్ కవరులో పేర్చి తీసుకెళ్ళింది. శ్రీదివ్య దాన్ని బల్ల మీద జాగ్రత్తగా సర్ది చదివింది.

"దానయ్య గారు మీకేమవుతారు పెద్దమ్మా?"

"మా నాన్నమ్మా. పోయి ఇరవై రెండేళ్ళయింది. మేమిద్దరం ఆడపిల్లలమే."

"ఆడపిల్లలైతే ఏం? వారసులు మీరే. ఇద్దరి ఆధార్ కార్డులూ తెండి" అంది శ్రీదివ్య.

వీరమ్మ ఆ పిల్ల మొహం వంక అలాగే చూస్తూ నిలబడింది. నలభై నాలుగేళ్ళలో ఆ కాగితాన్ని ఒక ఆఫీసు మనిషి పూర్తిగా చదవడం అదే మొదటిసారి.

సంగతి తెలిసి బాబాయి కొడుకు శ్యామ్ సుందర్ అడ్డం వచ్చాడు. ట్రాక్టరు తోలుకుని బతికేవాడు, చెడ్డవాడేం కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దల ముందే ఎత్తాడు.

"పెదనాన్నకు మగపిల్లలు లేరు. లిడియక్క పెళ్ళయి వెళ్ళిపోయింది. వీరమ్మక్కకు వెనకా ముందూ ఎవరున్నారు? పెదనాన్న పోయినప్పుడు పెట్టె భుజాన మోసింది నేను. ఆ పొలం మా ఇంటికి రావాల. పెద్దలు ఆలోచించండి."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఇద్దరు తలాడించారు కూడా. వీరమ్మ ఆడవాళ్ళ చాప మీద నుంచి లేచి నిలబడింది.

"అయ్యగారూ, సెలోపెహాదుకు ఎంతమంది కొడుకులు?" అని పాస్టరు గారిని అడిగింది.

"కొడుకులు లేరమ్మా."

"కూతుళ్ళు?"

"అయిదుగురు."

"మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా" అని వీరమ్మ పేర్లు చెప్పింది, సొంత మేనత్తల పేర్లు చెప్పినట్టు. "ఆ అయిదుగురూ గుడారం గుమ్మంలో మోషే ముందు, పెద్దలందరి ముందు నిలబడి అడిగారు. కొడుకుల్లేరని మా నాన్న పేరు ఎందుకు చెరిపేస్తారు అని. మోషేకి ఏం చెప్పాలో తెలియక దేవుణ్ణి అడిగాడు. ఆ పిల్లలు చెప్పింది న్యాయమే అన్నాడు దేవుడు. తర్వాత యెహోషువ పంచేటప్పుడు ఆ అయిదుగురూ మళ్ళా వెళ్ళి, మా మాటేంటని నిలదీసి తెచ్చుకున్నారు. నేను అయిదుగురంత గట్టిదాన్ని కాను. కానీ నేనూ మా చెల్లీ ఇద్దరమున్నాం." ఆగి, శ్యామ్ సుందర్ వైపు తిరిగింది. "నువ్వు పెట్టె మోసిన మాట నిజం తమ్ముడూ. అది నేను చచ్చేదాకా మర్చిపోను. కానీ పొలం మా నాన్నది."

శ్యామ్ సుందర్ చొక్కా గుండీతో ఆడుకుంటూ, "నువ్వు చదివినంత నేను చదవలేదులే అక్కా" అన్నాడు. అప్పుడు ఎవరో నవ్వారు, అతనూ నవ్వాడు. అంతటితో ఆ గొడవ తేలిపోయింది.

కొలత పూర్తయ్యేసరికి గొల్లతిప్ప కింద బంజరులో కంకర క్వారీ మింగింది పోగా ఇరవై రెండెకరాలే తేలింది. పాత నంబర్లు ఎక్కడెక్కడివో చెప్పే నక్షా ఎటూ లేదు. మిగిలింది ముప్ఫై ఒక్క కుటుంబం. తలా డెబ్భై సెంట్లు చేసి మళ్ళీ చీట్లు వేసుకోవడానికి అందరూ ఒప్పుకున్నారు. జనవరి చివర్లో ఒక ఉదయం సచివాలయం వసారాలో ప్లాస్టిక్ బకెట్టు పెట్టారు. వీరమ్మ చెయ్యి పెట్టే ముందు కళ్ళు మూసుకుంది. చీటీ విప్పితే ఇరవై మూడు.

శ్రీదివ్య కర్ర భుజాన వేసుకుని ముందు నడిచింది. వెనక వీరమ్మ, లిడియా. లిడియా కొత్తచీర కట్టుకుని వచ్చింది. క్వారీ దారి వదిలి, వాగు దాటి, రెండు పత్తిచేల మధ్య గట్టెక్కారు. వీరమ్మ నడక మెల్లమెల్లగా తగ్గిపోయింది. ఆ గట్టు ఆమె కాళ్ళకు తెలుసు. ఎక్కడ రాయి పైకి లేచి ఉందో, ఎక్కడ పల్లేరుకాయలు గుచ్చుకుంటాయో కూడా తెలుసు.

"ఇదే పెద్దమ్మా" అని శ్రీదివ్య ఆగింది.

ఎదురుగా ఎర్రగా పండిన మిరపతోట. పండుకాయ బరువుకు చెట్లు పక్కకు ఒరిగి ఉన్నాయి. నాలుగేళ్ళుగా వీరమ్మ ఆ చేలో కోతకు వస్తోంది. వేళ్ళు మండుతుంటే ఆ సాళ్ళ మధ్యే కూర్చుని కొబ్బరినూనె రాసుకుంది. ఆ పడమటి గట్టు మీదే క్యారేజీ విప్పి అన్నం తింది. తండ్రి జీవితమంతా చెయ్యి చాపి వెతికిన నేల మీద, సాయంత్రానికి కూలి పుచ్చుకుని, ఆ నేలకు వీపు తిప్పి ఇంటికి పోయింది. ఒక్కనాడు కూడా ఆ మట్టి ఇది నీదని చెప్పలేదు.

"ఇది మస్తాన్‌బీ చేను గదమ్మా" అంది వీరమ్మ.

"ఆవిడకు కాగితం లేదు. ఆక్రమణ కింద వస్తుంది" అంది శ్రీదివ్య, నేల చూపులు చూస్తూ.

అప్పటికే మస్తాన్‌బీ చేలోంచి లేచి వస్తోంది. యాభై దాటిన మనిషి. ఇరవై ఏడేళ్ళ కింద కరువుకు దర్శి వైపు నుంచి భర్త నాగూర్ వలితో ఆ ఊరు చేరింది. ఎవరిదో తెలియని కంపలో ఇద్దరూ కలిసి చిల్లచెట్లు కొట్టి, రాళ్ళు ఏరి, చేను చేశారు. బోరు వేయించిన రెండేళ్ళకు నాగూర్ వలి గుండెపోటుతో పోయాడు. నల్లతామర పురుగు తోటలన్నీ తుడిచిపెట్టిన ఏడు కూడా ఆమె ఆ చేను వదల్లేదు.

శ్రీదివ్య విషయం చెప్పింది. మస్తాన్‌బీ అరుస్తుందని, శాపనార్థాలు పెడుతుందని లిడియా ముందే నడుం బిగించి నిలబడింది. మస్తాన్‌బీ అరవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని వీరమ్మ వంక చూసింది.

"ఇంతమందిలో నీకే వచ్చిందా అక్కా?"

వీరమ్మ తలూపింది.

"కోతయ్యేదాకా ఆగు" అంది మస్తాన్‌బీ. "కాయ చెట్టు మీదుంది."

"కోతయ్యాకే స్వాధీనం. రూలు కూడా అదే" అంది శ్రీదివ్య. నాలుగు మూలలా రాళ్ళు పాతించే పని వెనకే వచ్చిన కూలీలకు అప్పజెప్పి వెళ్ళిపోయింది. దారి పొడుగునా లిడియా మాట్లాడుతూనే ఉంది. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో అంది. వీరమ్మ ఊ కొట్టింది. ఇన్నేళ్ళు ఈ రోజు గురించి అనుకున్నప్పుడల్లా ఆ నేల మీద మోకాళ్ళూని మట్టి గుప్పిట్లోకి తీసుకుంటానని అనుకునేది. ఆ పని చేయలేదని ఇల్లు చేరాక గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే బైబిలు తీసి అవే అధ్యాయాలు ముందేసుకుంది. వందల సార్లు చదివిన పేజీలు. ఈసారి హద్దుల మీద చూపు నిలవలేదు. హద్దుల పక్కన, అక్కడక్కడ, ఒక్క వరుసలో చెప్పి వదిలేసిన మాట ఒకటి కనపడింది. ఫలానా ఊరిలో ముందునుంచీ ఉన్నవాళ్ళను వీళ్ళు వెళ్ళగొట్టలేదు, నేటివరకు వీళ్ళ మధ్యే నివసిస్తున్నారు అని. ఒక గోత్రం దగ్గర ఉంది, ఇంకో గోత్రం దగ్గరా ఉంది. ఇన్నేళ్ళూ ఆ వరుస మీదుగా గబగబా దాటిపోయింది. పుస్తకం మూసి పాస్టరు గారింటికి వెళ్ళింది.

"అయ్యగారూ, యెహోషువ చీట్లు వేసినప్పుడు ఆ పొలాల్లో ఎవరున్నారు?"

"కనానీయులమ్మా."

"అప్పటికి వాళ్ళ పైరు చేల మీదుందా?"

పాస్టరు గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. "కొన్నిచోట్ల వెళ్ళగొట్టలేదు, కలిసే ఉన్నారని రాసి ఉందమ్మా" అన్నారు.

"అది తప్పు, అవిధేయత అని బైబిలు తరగతిలో మీరే చెప్పారు గదండీ."

"చెప్పాను" అన్నారాయన. "అది చదువుకుని చెప్పిన మాట వీరమ్మా. మస్తాన్‌బీ మొహం చూసింది నువ్వు. నేను చూడలేదు. ఏం చేయాలో నేను చెప్పలేను. ప్రార్థన మాత్రం చేస్తాను."

ఫిబ్రవరిలో కోత మొదలైంది. ఎప్పుడూ వచ్చే కూలీలు చాలామంది పాలెం వాళ్ళే. చేను మనవాళ్ళదయ్యాక ఆవిడ దగ్గర కూలికి ఎలా వెళ్ళాలని కొందరు, వీరమ్మ ఏమనుకుంటుందోనని కొందరు మానుకున్నారు. కాయ చెట్టునే ఎండి రాలిపోయేలా ఉంది. నాలుగో రోజు పొద్దున వీరమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని, గోతం తీసుకుని, గట్టెక్కింది. ఆమె వెనక తొమ్మిది మంది ఆడవాళ్ళు వచ్చారు. మస్తాన్‌బీ గట్టు దాకా ఎదురొచ్చింది. వీరమ్మకు ఎప్పుడూ ఇచ్చే సాలే చూపించింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర వీరమ్మ ఆమె పక్కన వెళ్ళి కూర్చుంది.

"డెబ్భై సెంట్లలో సగం మా లిడియాది. దాని మాట నేను చెప్పలేను. నా సగం, ఆ బోరున్న పై సగం, నువ్వే చేసుకో. నువ్వు ఉన్నన్నాళ్ళూ."

మస్తాన్‌బీ చేతిలో ముద్ద ఆగిపోయింది. "మరి నువ్వు?"

"నేను కోతకొస్తా."

"పిచ్చిదానివా? నలభై ఏళ్ళ నుంచి మీ నాన్న పొలం, మీ నాన్న పొలం అని కలవరిస్తన్నావంట గదా. పాలెమంతా చెప్పుద్ది."

"కలవరిస్తన్నా" అంది వీరమ్మ. "ఇప్పుడూ కలవరిస్తానే ఉన్నా. కానీ నిన్ను లేపి ఆ చోట్లో కూర్చోవాలంటే కాళ్ళు రావట్లా మస్తాన్‌బీ. ఏం చెయ్యమంటావు?"

ఈ మాట వినుకొండ చేరడానికి ఒక్క పూట కూడా పట్టలేదు. లిడియా బస్సు దిగుతూనే అందుకుంది. అడవిలో రాళ్ళు ఏరినంత మాత్రాన పొలం వాళ్ళదయిపోద్దా అంది. నాన్న ఎముకలు క్షోభిస్తాయంది. నీ సగం నువ్వు ఎవరికైనా ధారపోసుకో, నా సగం జోలికొస్తే ఊరుకోనంది. వీరమ్మ కంచం పెట్టింది. లిడియా అన్నం తినకుండా వెళ్ళిపోయింది. రెండు నెలలు ఫోను కూడా చేయలేదు. వీరమ్మ ప్రతి ఆదివారం రెండుసార్లు చేసేది. రింగై రింగై ఆగిపోయేది. మిరపతోట పీకేశారు. చేను నల్లగా, ఖాళీగా, ఎండకు నెర్రెలిచ్చి పడి ఉంది. ఎవరైనా పలకరిస్తే, తనకు చెల్లెలు ఒక్కతే ఉందని, పొలం రాకముందు రోజూ ఫోనులో మాట్లాడేదని చెప్పేది.

ఈస్టరు వెళ్ళిన మూడో వారం లిడియా వచ్చింది. మంచం పట్టె మీద కూర్చుని, అక్క ఇచ్చిన మంచినీళ్ళు తాగి అడిగింది.

"నాన్న చెయ్యి చాపి చూపిస్తుంటే నేను నవ్వేదాన్ని, గుర్తుందా?"

"చిన్నపిల్లవి గదే."

"చిన్నపిల్లనే. నాకా పొలం మీద ఉన్నది కోపం. నీకున్న ఆశ నాకెప్పుడూ లేదు." లిడియా గ్లాసు కింద పెట్టింది. "వినుకొండలో కూర్చుని నేనేం చేస్తా? నా ముప్ఫై అయిదు సెంట్లూ నువ్వు దున్నుకో. కాగితం మీద మాత్రం ఇద్దరి పేర్లూ ఉండాల. నాన్న పేరు పైన, మన ఇద్దరి పేర్లు కింద."

అలాగే రాయించారు. శ్రీదివ్య పట్టాదారు గడిలో దానయ్య వారసులు వీరమ్మ, లిడియా అని ఎక్కించింది. పంట నమోదు చేసేటప్పుడు పై సగంలో సాగుదారు మస్తాన్‌బీ అని రాసింది. అలా రాయొచ్చా అని వీరమ్మ అడిగితే, సాగు చేసేవాళ్ళ పేరు రాయడానికే ఆ గడి ఉంది పెద్దమ్మా అంది.

జూన్ చివర మొదటి వాన పడింది. శ్యామ్ సుందర్ ఎవరూ పిలవకుండానే ట్రాక్టరు తోలుకొచ్చి కింది సగం దున్ని పోయాడు. దున్నిన మట్టిలోంచి ఆవిరి లేస్తుంటే వీరమ్మ చెప్పులు విడిచి చేలోకి దిగింది. ఇన్నేళ్ళు మనసులో దాచుకున్నది ఇప్పుడైనా బయటికి వస్తుందేమో, ఏడుపో, స్తోత్రమో వస్తుందని ఎదురుచూస్తూ చాలాసేపు నిలబడింది. ఏదీ రాలేదు. కేక వేసి ఎవరినో పిలవాలనిపించింది. పిలిస్తే పలికే మనిషి లేడు. పొలం దొరికితే ఆ దిగులు పోతుందని ఇంతకాలం నమ్మింది. దిగులు ఎక్కడికీ పోలేదు, కాస్త దగ్గరికి జరిగి కూర్చుంది.

మస్తాన్‌బీ పై చేలోంచి మంచినీళ్ళ సీసాతో దిగివచ్చింది. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. కింది సగంలో ఏ సాలు ఎటు తోలితే బోరు నీళ్ళు సరిగా పారతాయో మస్తాన్‌బీ చేత్తో చూపించింది. కందులు వెయ్యి, మొదటి ఏడు అదే మేలు అంది. తర్వాత, వాళ్ళు మొట్టమొదట వచ్చినప్పుడు ఈ చోటు ఎలా ఉండేదో చెప్పుకొచ్చింది. నాగూర్ వలి ఒక్కో బండ దొర్లించి, ఇక అయిపోయిందే అనేవాట్ట. మర్నాడు దున్నితే కింద ఇంకో బండ. అయిదేళ్ళు పట్టింది నాగలి సాఫీగా కదలడానికి. అది చెబుతూ ఆమె నవ్వింది, నవ్వి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

తిప్ప మీద మబ్బు నీడ మెల్లగా కదిలిపోతోంది.

"మీ నాన్న ఎట్టుండేవాడక్కా?" అని అడిగింది మస్తాన్‌బీ.

వీరమ్మను ఆ మాట ఎవరూ అడగలేదు. పాలెంలో అందరికీ ఆయన తెలుసు, లేకపోతే అందరూ మర్చిపోయారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాసేపు తడి మట్టిని కాలి బొటనవేలితో గీసింది.

"పొట్టిమనిషి" అంది చివరికి. "నడిస్తే పరిగెత్తినట్టుండేది. పక్కన నడవాలంటే నాకు ఆయాసం వచ్చేది. మాట మెత్తన. కోపమొస్తే అసలు మాట్లాడేవాడు కాదు. ఇదిగో, ఇట్టా గట్టు మీద కూర్చోబెడితే కాళ్ళు కిందికి ఆనేవి కావు."